రొయ్యల వల చెప్పిన సంగతి

గ్రీన్‌లాండ్‌లోని ఇలులిస్సాత్ వెళ్ళొచ్చినవాళ్ళంతా మంచుకొండలతో కథ మొదలుపెడతారు. భీమవరం చుట్టుపక్కల పుట్టినవాణ్ణి కాబట్టి నేను రొయ్యలతో మొదలుపెడతాను. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో దిగిన పూటే భోజనంలో రొయ్యలొచ్చాయి. వనామీ చెరువుల మధ్య పెరిగినవాడి కంటికి అవి మరీ చిన్నవి. చల్లటి సముద్రంలో, వందల మీటర్ల లోతున, ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఎదిగే రకం. ఓడ మీదే ఉడకబెట్టి, గడ్డకట్టించి దేశాలకు పంపుతారు. అక్కడివాళ్ళు బ్రెడ్డు మీద కుప్పగా పోసి, మయొనైజ్ వేసి, నిమ్మచెక్క పిండుకుని చల్లచల్లగా తింటారు. కారం లేదు, ఇగురు లేదు. అయినా మన చెరువు రొయ్యకన్నా తియ్యగా ఉన్నాయి. ఈ మాట మా ఊళ్ళో అంటే ఊరుకోరు, ఇక్కడ రాయొచ్చు.

గ్రీన్‌లాండ్ ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా చేపలూ రొయ్యలే. అందుకని నూక్‌లో ఉన్న సహజ వనరుల పరిశోధన సంస్థ 1990ల మొదటి నుంచి వేసవి వేసవికీ పడమటి తీరం వెంట ఓడ పంపించి రొయ్యల లెక్క తీస్తూ వచ్చింది. సముద్రం అడుగున ట్రాల్ వల ఈడుస్తారు. ఎన్ని పడ్డాయి, ఏ సైజువి పడ్డాయి అన్నది రాసుకుంటారు. రొయ్యకు నీటి చలి ముఖ్యం గనక ఆ వలతో పాటు ఉష్ణోగ్రత కొలిచే పరికరం కూడా కిందికి పోతుంది. ఎవరూ దాన్ని వాతావరణ పరిశోధన అనుకోలేదు. ఆ అంకెలు చాలా ఏళ్ళు చేపలవాళ్ళ లెక్కల్లోనే ఉండిపోయాయి. గ్రీన్‌లాండ్‌లోకెల్లా వేగమైన హిమానీనదం ఉన్నట్టుండి ఎందుకు పరుగందుకుందో చివరికి తేల్చింది ఆ అంకెలే. వాటి దగ్గరికి వస్తాను, ముందు ఊరు చేరాలి.

నూక్‌లో పెద్ద విమానాలు దిగే రన్‌వే 2024 చివర్లో తెరిచారు. అక్కణ్ణుంచి పైకి పోవాలంటే మళ్ళీ చిన్న ప్రొపెల్లర్ విమానమే గతి. ఆ దేశంలో ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు ఉండదు. పొగమంచు కమ్మితే విమానమూ ఉండదు. ఎయిర్‌పోర్టులో జనం ఉలెన్ స్వెట్టర్లు అల్లుకుంటూ కూర్చుంటారు, ఎవరూ కౌంటరు మీద పడి అరవరు. విమానం లేచాక కుడివైపు కిటికీ దొరికితే అదృష్టం. ముందు బోసి రాళ్ళు, రాళ్ళను చీల్చుకుని లోపలికి పోయిన సముద్రపు పాయలు, వాటి వెనక ఇక తెలుపు తప్ప ఏమీ లేని ఒక గీత. ఆ గీత దగ్గర మొదలైన మంచు అవతలి తీరం దాకా ఆగదు. దాని వైశాల్యం మన దేశంలో సగం. నడిమధ్యన మందం మూడు కిలోమీటర్లు దాటుతుంది. అదంతా కరిగితే ప్రపంచ సముద్రాలు సుమారు 7.4 మీటర్లు లేస్తాయని లెక్క. అది శతాబ్దాల పని, రేపటికి జరిగేది కాదు. కానీ ఆ పని మొదలైన చోట్లలో ఒకటి చూడ్డానికే నేను పోతున్నాను.

ఇలులిస్సాత్ సుమారు ఐదు వేల జనాభా ఉన్న ఊరు. ఆర్కిటిక్ వృత్తానికి పైన, డిస్కో అఖాతం ఒడ్డున ఉంది. 1741లో డేనిష్ వర్తకులు యాకబ్‌షావ్న్ పేరుతో స్థావరం పెట్టారు. ధ్రువ యాత్రికుడు క్నూడ్ రాస్‌ముస్సెన్ 1879లో పుట్టింది ఇక్కడే, ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఎరుపు, పసుపు, నీలం చెక్క ఇళ్ళు నున్నటి రాతిబండల మీద అక్కడక్కడా విసిరేసినట్టుంటాయి. ఊరి శివార్లలో స్లెడ్జి కుక్కలు గొలుసులతో బండలకు కట్టేసి ఉంటాయి. వేసవిలో వాటికి పని లేదు. సాయంత్రం మేత వేళకి ఒకటి ఊళ వేస్తే ఊరు ఊరంతా అందుకుంటుంది. ఒకప్పుడు ఇక్కడ మనుషులకన్నా కుక్కలే ఎక్కువ అని చెబుతారు. గ్రీన్‌లాండ్ మొత్తం మీద ఈ ఇరవై ఏళ్ళలో వాటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. స్నోమొబైళ్ళు వచ్చాయి, మేత ఖర్చు పెరిగింది, అన్నిటికన్నా ముఖ్యం, చలికాలంలో సముద్రం మీద నమ్మకంగా నడవగలిగే మంచు తగ్గిపోయింది.

ఊరి దక్షిణపు అంచున 2021లో తెరిచిన ఐస్‌ఫియర్డ్ కేంద్రం ఉంది. డేనిష్ ఆర్కిటెక్టు డోర్టే మాండ్రుప్ గీసిన మెలితిరిగిన చెక్క కప్పు దానిది, ఎక్కి ఆ కప్పు మీదే నడవొచ్చు. అక్కడ మొదలయ్యే చెక్క బాట సెర్మెర్మియుత్ అనే పాత నివాసం మీదుగా ఫియర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డుకి పోతుంది. నాలుగు వేల ఏళ్ళకు పైగా ఒకరి తర్వాత ఒకరుగా మూడు సంస్కృతుల మనుషులు బతికిన మైదానం అది. గడ్డి దిబ్బలు తప్ప ఇప్పుడేమీ లేవు. బాట చివర ఒడ్డుకి దిగకుండా హెచ్చరిక బోర్డు పెట్టారు. మంచుకొండలు విరిగినా పల్టీ కొట్టినా ఉన్నట్టుండి సునామీ అలలు వస్తాయి, చచ్చిపోతారు అని అందులో మొహమాటం లేకుండా రాసి ఉంది. అంత స్పష్టంగా రాసినా కింద గులకరాళ్ళ మీద ఇద్దరు సెల్ఫీ దిగుతూ కనిపించారు.

ఆ ఒడ్డునుంచి కనిపించేదాన్ని వర్ణించే ఓపిక నాకు లేదు, చాలామంది వర్ణించారు కూడా. ఫియర్డ్ నిండా మంచుకొండలు, నీళ్ళు కనపడనంత దట్టంగా. కొన్ని ఐదారు అంతస్తుల మేడలంత, కొన్ని వీధి పొడవంత. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. నన్ను పట్టుకున్నది వాటి అందం కాదు, అవి కదలకపోవడం. గంటల తరబడి చూసినా పెద్ద కొండలు ఉన్నచోటే ఉన్నాయి. కారణం అడుగున ఉంది. ఫియర్డ్ నోటి దగ్గర సముద్రపు నేల గట్టులా లేచి ఉంటుంది, అక్కడ లోతు రెండు వందల మీటర్ల పైచిలుకు మాత్రమే. గట్టు దాటి లోపలికి పోతే ఎనిమిది వందల మీటర్లు, ఇంకా ఎక్కువ. పైకి కనిపించే మంచుకొండ మొత్తంలో పదో వంతో ఎనిమిదో వంతో, మిగతాదంతా నీళ్ళలోనే. పెద్దవి వచ్చి గట్టుకు తగులుకుని నెలల తరబడి నేల మీద కూర్చుంటాయి. కరిగి తేలికపడ్డాకో, వెనకనుంచి వచ్చేవి తోసినప్పుడో బయటపడి అఖాతంలోకి పోతాయి.

ఇంకో విషయం యాత్రికులకు ఎవరూ ముందుగా చెప్పరు. ఈ కొండలన్నిటినీ కన్న హిమానీనదం ఊరినుంచి కనపడదు. దాని పేరు సెర్మెక్ కుయాలెక్. ఫియర్డ్ లోపలికి యాభై కిలోమీటర్లకు పైగా పోతేగానీ దాని అంచు రాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ అంచు ఊరికి చాలా దగ్గరగా ఉండేది, అప్పటినుంచి నలభై కిలోమీటర్ల పైన వెనక్కి జరిగింది. పడవ వెళ్ళలేదు, మధ్యలో అంతా మంచు కూరుకుపోయి ఉంటుంది. హెలికాప్టర్‌లో పోవాలి, ఆ టిక్కెట్టు ధర చూసి నేను నమస్కారం పెట్టాను. గ్రీన్‌లాండ్ మంచు పలకలో ఇంచుమించు పద్నాలుగో వంతు ఈ ఒక్క తూము గుండానే సముద్రంలోకి దిగుతుంది. 2008 మే 28న దాని అంచు విరిగిపడటాన్ని ఇద్దరు కుర్రాళ్ళు కెమెరాల్లో పట్టారు. డెబ్భై ఐదు నిమిషాల పాటు ఆగకుండా విరిగింది. 7.4 ఘన కిలోమీటర్ల మంచు. 'ఛేజింగ్ ఐస్' అనే డాక్యుమెంటరీలో ఆ దృశ్యం చూసి ప్రపంచమంతా నోరు తెరిచింది. చూడదగ్గదే. అయితే అక్కడ కనిపించేది ఫలితం. దాన్ని తెచ్చిపెట్టిన పని ఏ కెమెరాకూ అందని చోట, నీటి అడుగున జరుగుతోంది.

ఆ సంగతి మొదట నాకు సూటిగా చెప్పింది పడవ నడిపే మనిషి. యాభై దాటిన వేటగాడు. వేసవిలో యాత్రికుల్ని తిప్పుతాడు, మిగతా రోజుల్లో హాలిబట్ చేపలు పడతాడు. వందల గేలాలు కట్టిన పొడవాటి తాడు ఫియర్డ్ అడుగుకు దింపి మర్నాడు యంత్రంతో చుట్టి లాగుతారు. ఎంత లోతుకి అంటే ఆరేడు వందల మీటర్లు అన్నాడు. పడవ గట్టు మీదుగా పోతున్నప్పుడు ఎకో సౌండర్ తెర చూపించాడు. నేల గీత పైకి లేచి, మళ్ళీ దిగి, చూస్తూండగానే తెర అడుగుకి జారిపోయింది. చేపలు అంత కిందే ఎందుకుంటాయి అని అడిగాను. పైన చలి, కింద వెచ్చన అన్నాడు, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు. పడవ పక్కన నీళ్ళలో వేళ్ళు పెట్టి చూశాను, క్షణంలో మొద్దుబారాయి. ఆ నీటికి రెండు మూడు వందల మీటర్ల కింద అంతకన్నా వెచ్చటి సముద్రం ఉందంటే నమ్మబుద్ధి కాదు.

మనకు తెలిసిన సముద్రం ఇందుకు తలకిందులు. బంగాళాఖాతంలో పైన వెచ్చగా, కిందికి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. ఇక్కడ పైపొర ధ్రువపు నీరు, కరిగిన మంచు నీరు. చల్లనిదే కానీ ఉప్పు తక్కువ, అందుకని తేలికైనది. కింద పొర అట్లాంటిక్‌నుంచి వచ్చింది. ఐస్‌లాండ్ దగ్గరి ఇర్మింగర్ సముద్రం నుంచి బయల్దేరి, గ్రీన్‌లాండ్ దక్షిణపు కొన చుట్టి, పడమటి తీరం వెంట పైకి వస్తుంది. వెచ్చగా ఉన్నా ఉప్పెక్కువ, బరువెక్కువ, అందుకని అడుగునే పాకుతుంది. పైన గాలి ఎంత చల్లగా ఉన్నా దానికి తగలదు. ఫియర్డ్ నోటి దగ్గరున్న గట్టు మంచుకొండల్ని ఆపుతుందే గానీ ఆ నీటిని ఆపదు. రెండు వందల యాభై మీటర్ల లోతున గట్టు ఎక్కి, అవతల ఎనిమిది వందల మీటర్ల గుంతలోకి జారి, నేరుగా హిమానీనదం పాదం దగ్గరికి పోతుంది.

పాదం దగ్గర ఏం జరుగుతుందో చెప్పాలంటే కొంచెం బడి పాఠం తప్పదు. ఉప్పునీరు తగిలిన మంచు సున్నా డిగ్రీల దగ్గర కాదు, అంతకన్నా దాదాపు రెండు డిగ్రీల కిందే కరగడం మొదలుపెడుతుంది. పైన నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ స్థానం ఇంకా కిందికి దిగుతుంది, వెయ్యి మీటర్లకు ముప్పావు డిగ్రీ చొప్పున. అంటే ఫియర్డ్ అడుగున మంచు మైనస్ రెండున్నర దగ్గరే కరగడానికి సిద్ధంగా ఉంటుంది. అక్కడికి వచ్చేది ప్లస్ మూడు డిగ్రీల నీరు. తేడా ఐదున్నర డిగ్రీలు. మనకది చలే, మంచుకి మాత్రం మంటే. గాలితో పోలిస్తే అదే పరిమాణం నీటిలో మూడు వేల రెట్లకు పైగా వేడి ఇముడుతుంది. పళ్ళెంలో పెట్టిన ఐసుముక్క కన్నా మజ్జిగ గ్లాసులో వేసినది ముందు మాయమవుతుందని వంటింట్లో అందరికీ తెలుసు, ఇక్కడ జరిగేదీ అదే.

దానికి తోడు ఇంకొకటి ఉంది. వేసవిలో మంచు పలక మీద కరిగిన నీరు బావుల్లాంటి పగుళ్ళలోంచి అట్టడుగుకి దిగుతుంది. రాతికీ మంచుకీ మధ్య దారి చేసుకుని హిమానీనదం కాళ్ళ కింద సముద్రంలోకి వచ్చి పడుతుంది. అది మంచినీరు, తేలిక. పడగానే అంచు గోడను రాసుకుంటూ పైకి ఉబుకుతుంది, ఉబుకుతూ చుట్టూ ఉన్న వెచ్చటి ఉప్పునీటిని తనతో లాక్కుపోతుంది. దాంతో వెచ్చని నీరు ఒకచోట నిలబడకుండా గోడ పొడవునా రుద్దుకుంటూ తిరుగుతుంది. పైన ఎండ కాసిన ఏడాది కిందనా కోత ఎక్కువే. గోడ అడుగు తరుక్కుపోతే పైభాగం గాల్లో వేలాడి విరిగిపడుతుంది. ఊరికి ఉత్తరాన రోజు ప్రయాణంలో ఉన్న ఎకీ హిమానీనదం దగ్గర దీని ఆనవాలు కంటికి కనిపించింది. మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పున్న గోడ, దాని ముందు ఒకచోట మాత్రం బురద రంగులో మరుగుతున్నట్టున్న నీళ్ళు, ఆ బురద మీద మూగిన పక్షులు. అడుగునుంచి నీటితో పాటు తేలి వచ్చే చిన్న జీవుల కోసం అవి ఎదురుచూస్తాయి. యాత్రికులందరూ గోడ ఎప్పుడు విరుగుతుందా అని కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. నేను పక్షుల్ని చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు రొయ్యల అంకెల దగ్గరికి. సెర్మెక్ కుయాలెక్ అంచు 1950లనుంచి 1990ల మధ్య దాకా ఇంచుమించు ఒకచోటే నిలిచి ఉంది. దాని ముందు పదిహేను కిలోమీటర్ల పొడవున మంచు నాలుక నీటి మీద తేలుతూ ఉండేది. 1990ల చివర ఆ నాలుక పలచబడి, ముక్కలై, 2003 నాటికి లేకుండా పోయింది. తేలే మంచు కరిగినందువల్ల సముద్రం పెరగదు, నిజమే. కానీ అది రెండు పక్కలా రాతి గోడలకు ఒరుసుకుంటూ వెనకనున్న మంచుని అడ్డగించి ఉంచేది. అడ్డు తొలగగానే హిమానీనదం వేగం ఏడాదికి ఏడు కిలోమీటర్ల లోపునుంచి పన్నెండు దాటింది. 2012 వేసవిలో రోజుకి 46 మీటర్ల దాకా పోయింది. గంటకి దాదాపు రెండు మీటర్లు. గ్రీన్‌లాండ్‌లో గానీ అంటార్కిటికాలో గానీ వందల మీటర్ల మందం, కిలోమీటర్ల వెడల్పు ఉన్న హిమానీనదం ఆ వేగంతో కదలడం అప్పటిదాకా ఎవరూ కొలవలేదు.

గాలి వేడెక్కడం వల్లే అనుకున్నారు చాలామంది. పైన కరిగిన నీరు అడుగుకి దిగి జారుడు చేస్తోందని వాదన. న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ హాలండ్, ఆయన సహచరులు అది చాలదనుకున్నారు. సముద్రం లోపలి ఉష్ణోగ్రతలు కావాలి. 1990ల్లో ఆ లోతుల్లో ఏడాది ఏడాదీ కొలిచినవాళ్ళు ఎవరున్నారు? రొయ్యల ఓడ వాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆ లెక్కలు తిరగేస్తే సమాధానం దొరికింది. డిస్కో అఖాతం అడుగు నీరు 1995లో 1.7 డిగ్రీలు, 1998లో 3.3 డిగ్రీలు. 1997లో వెచ్చటి నీరు ఒక్కసారిగా వచ్చి పడింది, ఆ వెంటనే నాలుక పలచబడటం మొదలైంది. 2008లో ఈ ఫలితం అచ్చయింది. ఒక శతాబ్దపు పెద్ద ప్రశ్నల్లో ఒకదానికి జవాబు చేపలవాళ్ళ పుస్తకంలో పదేళ్ళ పాటు పడి ఉందన్నమాట. విసుగు లేకుండా ఏటా ఒకే కొలత తీసేవాళ్ళకి మనం ఇచ్చే గౌరవం చాలా తక్కువని నాకు ఎప్పటినుంచో అభిప్రాయం, ఇలులిస్సాత్‌లో అది ఇంకా గట్టిపడింది.

ఆ తర్వాత అదే బృందం ఇంకో తమాషా పని చేసింది. పడవలు పోలేని ఫియర్డ్ లోపల కొలవడానికి సీల్ జంతువుల నెత్తికి చిన్న పరికరాలు అంటించింది. అవి తమ తిండి కోసం మునిగినప్పుడల్లా నీటి వేడి, ఉప్పు నమోదవుతాయి, పైకి తేలినప్పుడు ఉపగ్రహానికి చేరతాయి. ఏటా బొచ్చు రాలేటప్పుడు పరికరమూ రాలిపోతుంది.

కథ ఇక్కడితో ముగిస్తే నమ్మడానికి ఒక్క సందర్భమే సాక్ష్యం అవుతుంది. రెండో సాక్ష్యం 2016లో వచ్చింది, అదీ ఎవరూ ఊహించని దిక్కునుంచి. నాసా అప్పటికి గ్రీన్‌లాండ్ చుట్టూ ఓ పెద్ద సర్వే నడుపుతోంది. 'ఓషన్స్ మెల్టింగ్ గ్రీన్‌లాండ్' దాని పేరు, పొట్టిగా ఓఎంజీ. పేరు పెట్టినవాళ్ళకి హాస్యం తెలుసు. జాష్ విల్లిస్ నాయకత్వంలో ఏటా విమానం మీదనుంచి ఇంచుమించు 250 పరికరాలు సముద్రంలోకి జారవిడిచి లోతు లోతుకీ వేడి కొలిచారు. 2016లో డిస్కో అఖాతం నీరు 1980ల మధ్య తర్వాత ఎన్నడూ లేనంత చల్లగా, ఒకటిన్నర డిగ్రీలకు పైగా తగ్గి కనిపించింది. ఇరవై ఏళ్ళుగా పరుగెత్తిన హిమానీనదం మందగించింది. అంచు దగ్గర మళ్ళీ మందం పెరిగింది. వెనక్కి పోతున్న గీత ముందుకు జరిగింది. ఆలా ఖజెందర్ బృందం 2019లో ఈ సంగతి అచ్చు వేసినప్పుడు, చూశారా ఏమీ కరగడం లేదు అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నాకు తోచేది సరిగ్గా దానికి వ్యతిరేకం. గాలి చల్లబడలేదు, నీరు చల్లబడింది. హిమానీనదం నీటి మాట విని ఆగింది. దాని పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో అది పరుగెత్తినప్పటికన్నా ఆగినప్పుడే స్పష్టంగా తెలిసింది.

ఆ మందగింపులో కూడా అది కురిసిన మంచుకన్నా ఎక్కువ మంచునే సముద్రానికి ఇస్తూ పోయింది. చల్లదనం ఉత్తర అట్లాంటిక్ గాలుల్లో సహజంగా వచ్చే ఊగిసలాటది, ఆ ఊపు తిరగబడితే వెచ్చటి నీరు మళ్ళీ వస్తుందని చల్లబడటాన్ని కనిపెట్టినవాళ్ళే రాశారు. 1997 నాటి వెచ్చదనంలోనూ ఆ ఊగిసలాట పాత్ర ఉంది. నిజాయితీగా చెప్పాలంటే ప్రతి డిగ్రీనీ మనిషి ఖాతాలో వేయలేం. అయితే ఊగే ఉయ్యాల కట్టిన దూలమే పైకి పోతోంది. మనం కాల్చిన బొగ్గూ చమురూ భూమి మీద ఆపి ఉంచిన అదనపు వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రాలే మింగాయి. వచ్చే ప్రతి వెచ్చటి విడతా ముందుదాని కన్నా ఎత్తునుంచి మొదలవుతుంది. ఓఎంజీ లెక్కల్లో ఇంకోటి బయటపడింది. 1992నుంచి 2017 దాకా గ్రీన్‌లాండ్ హిమానీనదాలు పోగొట్టుకున్న మంచులో దాదాపు సగం, వెచ్చటి నీరు చేరే లోతైన ఫియర్డుల్లో నిలబడ్డ 74 హిమానీనదాలదే. పరిశీలించినవి మొత్తం 226.

దక్షిణ ధ్రువంలో ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున నడుస్తోంది. పశ్చిమ అంటార్కిటికాలో త్వెయిట్స్ హిమానీనదం కిందికి, సుమారు ఆరు వందల మీటర్ల మంచులో వేడినీటితో బొరియ తవ్వి, 2020 మొదట్లో ఐస్‌ఫిన్ అనే సన్నటి రోబోను దింపారు. చదునుగా ఉన్న చోట కరగడం అనుకున్నంత లేదు, మెట్లలాంటి అంచుల్లో, పగుళ్ళలో మాత్రం చాలా వేగంగా ఉందని చూపించింది. అంటే పగులు ఉన్నచోటే నీరు ఇంకా పగలగొడుతోంది. అది వేరే యాత్ర, నావల్ల అయ్యేది కాదు.

తిరుగు ప్రయాణానికి ముందు పడవ మనిషి తన చిన్నప్పటి చలికాలాలు చెప్పాడు. అఖాతం గట్టిగా గడ్డకట్టేది, కుక్కల బండి మీద సముద్రం మీదికే పోయి మంచుకి రంధ్రం చేసి హాలిబట్ పట్టేవాళ్ళట. 1990ల చివరనుంచి ఆ మంచుని నమ్మలేకపోయారు. ఇప్పుడు చలికాలంలోనూ పడవే. చేపకేం లోటు లేదు, సంపాదన బాగానే ఉంది అని కూడా చెప్పాడు. అతన్ని బాధితుడిగా రాయడం నాకిష్టం లేదు, అతను అలా మాట్లాడలేదు. మరి సముద్రం పెరిగి ఒడ్డు మునిగే భయం లేదా అని అడిగితే నవ్వాడు. ఇక్కడ ఒడ్డు పైకి లేస్తోంది అన్నాడు.

అతని మాట నిజం. మంచు పలక బరువుకి అణిగిన నేల, బరువు తగ్గేకొద్దీ లేస్తోంది. రాతి మీద పాతిన జీపీఎస్ యంత్రాలు ఆ లేవడాన్ని ఏటేటా కొలుస్తున్నాయి. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. అంత పెద్ద మంచు రాశికి గురుత్వాకర్షణ ఉంటుంది, చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి నీరు దూరానికి పోతుంది. అందువల్ల గ్రీన్‌లాండ్ కరిగితే గ్రీన్‌లాండ్ తీరాన సముద్రం తగ్గుతుంది, భూమధ్యరేఖ వైపు, మన వైపు, ప్రపంచ సగటుకన్నా ఎక్కువ పెరుగుతుంది. ఇప్పుడు గ్రీన్‌లాండ్ ఏటా పోగొట్టుకుంటున్నది సగటున 270 బిలియన్ టన్నుల మంచు.

ఆ నీరు వచ్చేది కృష్ణా, గోదావరి డెల్టాల ముందుకి. అక్కడి నేల లేవడం లేదు, ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి కుంగుతోంది. విశాఖపట్నం రేవులో సముద్రమట్టం కొలత దశాబ్దాలుగా ఉంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, సముద్రంలో రెండు వేల మీటర్ల దాకా మునిగి తేలే ఆర్గో ఫ్లోట్ల సమాచారాన్ని మన దేశం తరఫున చూసుకుంటుంది. కొలిచేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. కోనసీమలో, దివిసీమలో కరకట్టల ఎత్తు నిర్ణయించే ఇంజినీర్లకూ, తీరం వెంట కాలనీలకు పట్టాలిచ్చే అధికారులకూ, చెరువులు తవ్వే నా బంధుమిత్రులకూ ఒక్కటే మనవి: గడిచిన ముప్పై ఏళ్ళ పోటు లెక్క మాత్రమే చూసి గట్టు ఎత్తు ఖరారు చెయ్యకండి. ఆ గట్టు నిలబడాల్సిన వచ్చే యాభై ఏళ్ళలో గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నీరు మన తీరానికి ఎంత చేరుతుందన్న అంచనాను ఇన్‌కాయిస్‌ని అడిగి తీసుకుని, డిజైన్ కాగితం మీద రాసుకున్నాకే పని మొదలుపెట్టండి.